బ్రేకింగ్ ప్లేటు పడితే చాలా? టీవీ వార్తల మీద రాసేవాళ్లు ఏం చూడాలి, ఎలా చూడాలి

కృష్ణాతీరం
ఒక పెద్ద నటుడు ఆస్పత్రిలో చేరాడంటే చాలు, గంటలో నాలుగు ఛానెళ్లలో బ్రేకింగ్ ప్లేట్లు (తెర మీద పెద్ద అక్షరాల పట్టీలు) పడతాయి. ఆ నాలుగు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి పది బ్లాగుల్లో "కన్ఫర్మ్" అని రాసేస్తారు. 2023 మార్చిలో నటుడు కోట శ్రీనివాసరావు గారు పోయారన్న పుకారు ఎంత దూరం పాకిందో గుర్తుంది కదా. ఉగాది ముందురోజు ఆ పెద్దాయనే వీడియోలో కనిపించి తాను బాగానే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన నిజంగా కన్నుమూసింది 2025 జులై 13న.

ఛానెళ్ల గురించి, రేటింగుల గురించి, తెర వెనక కబుర్ల గురించి రాసేవాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. తెర మీద కనిపించేదాంట్లో ఏది ఆధారం, ఏది కాదు? డెస్కుల్లో పనిచేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

డెస్క్_రాత్రిషిఫ్ట్
"నాలుగు ఛానెళ్లలో వచ్చింది కాబట్టి నిజం" అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. లెక్కపెట్టాల్సింది ఛానెళ్లను కాదు, మూలాలను.

మండలాల్లో ఛానెల్‌కి జీతం తీసుకునే రిపోర్టర్ ఉండడు, స్ట్రింగర్ (వార్తకింత అని తీసుకునేవాడు) ఉంటాడు. చాలా చోట్ల ఒకే మనిషి దగ్గర రెండు మూడు ఛానెళ్ల లోగోలు ఉంటాయి. లేదంటే నలుగురైదుగురు కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటారు. ఒకరు స్పాట్‌కి వెళ్లి విజువల్స్ తీస్తే గ్రూపులో పడతాయి, మిగతావాళ్లు తమ ఛానెల్‌కి పంపేస్తారు. బయటికి ఐదు ఛానెళ్లు, లోపల ఒక ఫోను, ఒక మనిషి.

హైదరాబాద్ డెస్కులో సంగతి వేరు. అసైన్‌మెంట్ వాళ్ల (రిపోర్టర్లకు పని అప్పగించేవాళ్ల) ఎదురుగా గోడ మీద పోటీ ఛానెళ్లన్నీ ఆడుతుంటాయి. పక్కవాడి దగ్గర ప్లేటు పడగానే రిపోర్టర్‌కి ఫోన్ వెళ్తుంది: "వాళ్ల దగ్గర ఉంది, మన దగ్గర ఎందుకు లేదు?" అతను కనుక్కుని చెప్పేలోపే స్క్రోలింగ్ వేసేస్తారు, తర్వాత ఫ్లాష్, తర్వాత ఫుల్ ప్లేటు. రెండో ఛానెల్ మొదటిదాన్ని చూసి వేసింది, మూడోది ఆ రెండింటినీ చూసి వేసింది. మొదటి ఛానెల్ వాళ్లు ఆ ఇద్దరినీ చూసి తమ వార్త ఖాయమైందనుకుంటారు. ఇలాగే తిరుగుతుంది చక్రం.

అందుకని వార్త కనిపించగానే ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి. ఛానెల్ పేరు, మొదట కనిపించిన సమయం, ఎవరి పేరు మీద చెప్పారు (డాక్టరా, కుటుంబసభ్యుడా, ఎస్పీనా, ఊరికే "సన్నిహిత వర్గాలు" అన్నారా), తెర మీద ఏ విజువల్ వేశారు. మూడో గడి అన్నిట్లోనూ ఖాళీగా ఉంటే ఎన్ని ఛానెళ్లయినా ఒక్కటిగానే లెక్క. ఒక్క పేరున్న మనిషి బైట్ (కెమెరా ముందు చెప్పిన మాట) దొరికితే అది ఎనిమిది ఛానెళ్ల స్క్రోలింగ్ కన్నా బలమైనది.

ఓబీవ్యాన్
పైన డెస్క్ గారు చెప్పిన నాలుగో గడి గురించి వివరంగా చెప్తా. విజువల్‌ని ఓపిగ్గా చూస్తే అక్కడ ఛానెల్ మనిషి ఉన్నాడో లేడో అదే చెప్పేస్తుంది.

పది పన్నెండు సెకన్ల షాట్ మళ్లీ మళ్లీ తిరుగుతోందంటే చేతిలో ఉన్నది అంతే. పైమూల "ఫైల్" అని చిన్న అక్షరాలున్నాయేమో చూడండి. చాలాసార్లు ఆ రెండక్షరాలు కింది బ్యాండ్ వెనక దాక్కుంటాయి, లేదా అసలు వేయరు. అప్పుడు షాట్‌లోని జనాన్ని, ఎండను చూడాలి. రాత్రి 9కి ఘటన అంటూ మిట్టమధ్యాహ్నపు నీడలున్న ఆస్పత్రి గేటు చూపిస్తే అది పాతది.

రిపోర్టర్ ఫొటో పెట్టి ఫోనో (ఫోన్‌లో మాట్లాడించడం) నడుపుతున్నారంటే స్పాట్‌లో లైవ్ కిట్ లేదన్నమాట. ఫోనోలో అతను "మనకు అందుతున్న సమాచారం" అంటున్నాడా, "నేను ఇక్కడ గేటు దగ్గర ఉన్నాను" అంటున్నాడా అన్నది వినండి.

బైట్ వస్తే మాట్లాడే మనిషి ముందు మైకులు లెక్కపెట్టండి. ఐదారు లోగోలున్నాయంటే అది ప్రెస్‌మీట్. దాని మీద "ఎక్స్‌క్లూజివ్" అని రాసినా అందరి దగ్గరా ఉన్నదే. వార్తా ఏజెన్సీ వాటర్‌మార్క్ ఉంటే ఛానెల్ మనిషి అక్కడ లేకపోవచ్చు.

మెతుకుసీమ
ఇవన్నీ బానే ఉన్నయి గని, వీటితోని అర్ధగంట కూసుంటే వార్త పాతదైపోతది కదా అన్నా? బ్లాగు చదివేటోళ్లు ముందుగాల ఎవరు పెడితే వాళ్ల దగ్గరికే పోతరు.

డెస్క్_రాత్రిషిఫ్ట్
అర్ధగంట పట్టదు తమ్ముడూ, అలవాటైతే ఐదారు నిమిషాలు. పైగా వేగంలో మనం ఛానెళ్లతో పోటీ పడలేం, పడాల్సిన పని కూడా లేదు. ఛానెల్ వేసిన ప్లేటునే మనం తిరిగి రాస్తే చదివేవాడికి కొత్తగా దొరికిందేమీ లేదు. "ఇది ఎవరు చెప్పారు, ఇంకా ఎవరు చెప్పలేదు" అని రాస్తే ఆ పని ఏ ఛానెలూ చేయదు.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి సంగతి తీసుకో. 2020 ఆగస్టు 5న చెన్నై ఎంజీఎం హెల్త్‌కేర్‌లో చేరారు. ఆగస్టు 24న ఆయనకు కొవిడ్ నెగెటివ్ వచ్చిందని ఛానెళ్లన్నీ హోరెత్తించాయి. గంటల్లోనే కొడుకు ఎస్పీ చరణ్ వీడియో పెట్టి, నెగెటివ్ పాజిటివ్ సంగతి పక్కనపెట్టండి, నాన్నగారి పరిస్థితి అలాగే ఉంది, వెంటిలేటర్, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) మీదే ఉన్నారని చెప్పాడు. అన్ని రోజులూ చూడాల్సిన మూలాలు రెండే. ఆస్పత్రి బులెటిన్, చరణ్ వీడియో. సెప్టెంబర్ 24న బులెటిన్‌లో పరిస్థితి అత్యంత విషమం అని వచ్చింది, 25 మధ్యాహ్నం 1:04కి ఆయన పోయారు. ఆ రెండింటినీ పట్టుకుని రాసినవాళ్లు ఒక్కరోజు కూడా మాట మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

బులెటిన్ చదివేటప్పుడు లెటర్‌హెడ్, తేదీ, సమయం, కింద సంతకం చేసిన డాక్టర్ హోదా నాలుగూ చూడాలి. నిన్నటి బులెటిన్ తేదీ కత్తిరించి ఇవాళ తిప్పడం చాలా మామూలు. ఆస్పత్రి సొంత ఖాతాలో అదే కాగితం ఉందో లేదో చూశాకే వాడండి.

గోదారిగట్టు
నకిలీ ప్లేట్ల గురించి కూడా మాట్లాడుకోవాలండి. ఛానెల్ అసలు వేయని బ్రేకింగ్‌ని ఎవరో ఫొటోషాప్‌లో తయారుచేసి వాట్సాప్‌లో వదులుతున్నారు. ఎన్నికలప్పుడైతే మరీను. ఛానెల్ లోగో ఉంటుంది కాబట్టి జనం నమ్మేస్తారు.

ఓబీవ్యాన్
ఛానెల్ గ్రాఫిక్స్ ఒక టెంప్లేట్‌లో నడుస్తాయి. ప్లేటు రంగు, అక్షరాల సైజు, లోగో చోటు, గడియారం ఉండే మూల, అన్నీ ఖరారు. ఆ వారం వేసిన వేరే ప్లేటు ఒకటి తీసి పక్కన పెట్టి పోల్చండి. నకిలీలో తరచూ దొరికిపోయేవి ఇవీ: ఛానెల్ మార్చేసిన పాత లోగో, వేరే ఫాంటు, విరిగిపోయిన వత్తులు, కింద స్క్రోలింగ్ లేకపోవడం, ఉన్నా అందులో నెల కిందటి వార్త ఉండటం. గడియారం కనిపిస్తే మీ పని సులువు. ఆ నిమిషంలో ఛానెల్‌లో ఏం నడిచిందో చూస్తే చాలు.

చూడటం ఎలాగంటే, చాలా ఛానెళ్ల యూట్యూబ్ లైవ్‌లో వెనక్కి జరిపే వీలుంటుంది. అయితే అది గంటల వ్యవహారం, 12 గంటలు దాటితే చేజారిపోతుంది. 24 గంటలూ నడిచే లైవ్ తర్వాత వీడియోగా మిగలదు. కాబట్టి అనుమానం వచ్చిన పూటే వెనక్కి జరిపి, గడియారం కనిపించేలా స్క్రీన్ రికార్డ్ చేసి పెట్టుకోవాలి. స్టిల్ ఫొటో కన్నా ముప్పై సెకన్ల రికార్డింగ్ మేలు, స్క్రోలింగ్ కదులుతూ కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. "ఫలానా ఛానెల్ 40 సెకన్లు ముందు బ్రేక్ చేసింది" అని యూట్యూబ్ లైవ్ చూసి రాయకండి. కేబుల్‌కి, డీటీహెచ్‌కి, యూట్యూబ్‌కి ఆలస్యం వేర్వేరుగా ఉంటుంది, ఛానెల్‌కీ ఛానెల్‌కీ కూడా తేడా ఉంటుంది. తెర మీది గడియారమే కొలత.

డల్లాస్_తెలుగు
ఇప్పుడు రేటింగుల మాట. ప్రతి గురువారం రెండు మూడు ఛానెళ్లు ఒకేసారి "మేమే నంబర్ వన్" అని పోస్టర్లు వేస్తాయి. ఇదెలా సాధ్యం? ఇక్కడ అమెరికాలో మేము యూట్యూబ్‌లో చూసేది ఆ లెక్కలోకి వస్తుందా?

మీటర్_లెక్క
మీరు చూసేది రాదండి. టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్ కొలిచేది భారతదేశంలో ఇళ్లలోని టీవీలనే. ఎన్నికల ఫలితాల రోజు ఛానెళ్లు చూపించుకునే "లైవ్‌లో ఇన్ని లక్షల మంది" అన్నది యూట్యూబ్ అంకె, దానికీ బార్క్‌కీ సంబంధం లేదు. రెండిటినీ ఒకే వాక్యంలో కలిపి రాసినప్పుడే గందరగోళం పుడుతుంది.

బార్క్ పద్ధతి ఇదీ. ఛానెల్ ప్రసారమయ్యే చోటే దాని ధ్వనిలో చెవికి వినపడని వాటర్‌మార్క్ కలుపుతారు. ఎంపిక చేసిన ఇంట్లో టీవీ పక్కన మీటరు ఉంటుంది, అది ఆ గుర్తును పట్టి ఏ ఛానెల్, ఏ నిమిషం అని నమోదు చేస్తుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్లు తమ బటన్ నొక్కాలి. వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది, తర్వాతి గురువారం అంకెలు వస్తాయి.

దేశంలో దాదాపు 23 కోట్ల టీవీ ఇళ్లకు మీటర్లు సుమారు 58,000 అని 2025లో కేంద్ర సమాచార, ప్రసార శాఖే చెప్పింది. అంటే సగటున ఒక మీటరు దాదాపు 4,000 ఇళ్ల తరఫున మాట్లాడుతోంది. అందులో తెలుగు రాష్ట్రాలవి కొన్ని, వాటిలో ఆ అరగంట వార్తా ఛానెల్ పెట్టినవి ఇంకా కొన్ని. కాబట్టి ఒక్క రోజు, ఒక్క అరగంట డిబేట్ రేటింగు పట్టుకుని "ఫలానా యాంకర్ పని అయిపోయింది" అని రాయడానికి ఏ ఆధారమూ ఉండదు. నాలుగు ఇళ్లలో కరెంటు పోయినా ఆ అంకె ఊగుతుంది.

వార్తా ఛానెళ్లకు ఈ చిక్కు ఉంది కాబట్టే, 2020 అక్టోబర్‌లో ముంబయి టీఆర్పీ కేసు (రేటింగులు తారుమారు చేశారన్న పోలీసు కేసు) బయటికొచ్చాక ఈ విభాగం రేటింగులు ఆపేసి, 2022 మార్చిలో తిరిగి మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాల సగటు పద్ధతి తెచ్చారు. ప్రతి గురువారం కనిపించేది ఆ వారం అంకె కాదు, గత నాలుగు వారాల సగటు. "ఈ వారం ఒక్కసారిగా కుప్పకూలింది" అని రాసేముందు ఇది గుర్తుంచుకోవాలి. పడిపోయింది నిజమే అయినా, నాలుగు వారాల కిందటి ఒక పెద్ద సంఘటన లెక్కలోంచి జారిపోవడమే కారణం కావచ్చు. ముంబయి కేసు గురించి రాసేటప్పుడు కూడా పోలీసుల ఆరోపణ దగ్గరే ఆగిపోకండి. ఆ కేసు ఉపసంహరణకు 2024లో కోర్టు అనుమతించింది, అది కూడా రాయాలి.

ఇక ఒకేసారి ముగ్గురు నంబర్ వన్‌ల విషయం. పోస్టర్ అడుగున సన్నని అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. అక్కడ మార్కెట్ ఏమిటి (రెండు రాష్ట్రాలూ కలిపా, ఒక్క తెలంగాణా, పట్టణాలు మాత్రమేనా), వయసు ఎంత (15 పైనా, 22 పైనా), పురుషులేనా, ఏ వారం, ఏ గంటలు, ఏ రోజులు, ఏ కొలత అన్నవి ఉంటాయి. ఒకరు రెండు రాష్ట్రాల్లో మొత్తం రోజు మీద ముందుంటారు, ఒకరు పట్టణాల్లో ఉదయం 7 నుంచి 9 వరకు, ఇంకొకరు రీచ్‌లో (మొత్తం ఎంతమంది చూశారన్న అంకెలో). ముగ్గురూ చెప్పింది నిజమే కావచ్చు. ఆ వరుస లేని పోస్టర్‌ని అసలు వాడొద్దు.

మెతుకుసీమ
రీచ్ వేరు, ఏఎంఏ వేరు అంటరు. జర సక్కగ సమజయ్యేటట్టు చెప్పుండ్రి.

మీటర్_లెక్క
ఉదాహరణకి అంకెలు వేసుకుందాం. 30 నిమిషాల బులెటిన్. ఛానెల్ ఒకటి: 2,00,000 మంది చూశారు, తలా 3 నిమిషాలు. మొత్తం 6,00,000 నిమిషాలు, దాన్ని 30తో భాగిస్తే 20,000. ఛానెల్ రెండు: 40,000 మందే చూశారు, కానీ తలా 20 నిమిషాలు. 8,00,000 నిమిషాలు, భాగిస్తే సుమారు 26,700. సగటున ప్రతి నిమిషం ఎంతమంది ఉన్నారన్న ఆ చివరి అంకే ఏఎంఏ. రీచ్‌లో మొదటిది ఐదింతలు పెద్దది, ఏఎంఏలో రెండోదే ముందు.

రీచ్ కొండంత ఉండి, తలకు చూసిన సమయం గోరంత ఉంటే ల్యాండింగ్ పేజీని అనుమానించాలి.

కేబుల్‌వాలా
ల్యాండింగ్ పేజీ సంగతి నేను చెప్తాను. సెట్‌టాప్ బాక్స్ ఆన్ చేయగానే మనం నంబర్ నొక్కకుండానే ఒక ఛానెల్ వస్తుంది కదా, అదే. ఆ చోటు ఎంఎస్‌వో (పెద్ద కేబుల్ ఆపరేటర్) అమ్ముతాడు, ఛానెల్ కొనుక్కుంటుంది. ఇంట్లోవాళ్లు సీరియల్ కోసం టీవీ పెట్టినా ముందు వార్తా ఛానెల్ ఆడుతుంది, రిమోట్ వెతికేలోపు నిమిషం గడుస్తుంది. 2018 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని అడ్డుకోవాలని ఆదేశమిస్తే 2019 మేలో టీడీశాట్ (అప్పీళ్ల ట్రైబ్యునల్) కొట్టేసింది. బార్క్ తన లెక్కలో ఇలాంటివాటిని వడకట్టే పద్ధతి పెట్టుకుంది కానీ వివాదం ఇంకా నడుస్తూనే ఉంది.

బ్లాగర్‌గా మీరు చేయగలిగింది తేలిక. మీ ఊళ్లోనూ, వేరే జిల్లాల్లోనూ వేర్వేరు ఆపరేటర్ల బాక్సులున్న నలుగురైదుగురిని అడగండి: బాక్స్ ఆపి ఆన్ చేస్తే ఏ ఛానెల్ వస్తోంది? వారం వారం ఒకే రోజు అడిగి రాసుకోండి. ఛానెల్ రీచ్ పెరిగిన వారమూ, ఆ చోటు మారిన వారమూ ఒకటే అయితే రాయడానికి మీ దగ్గర విషయం ఉన్నట్టు. ఒక్క ఇంటి బాక్స్ చూసి మాత్రం రాయొద్దు, ఆపరేటర్‌కో ఛానెల్ ఉంటుంది.

లా_పాయింట్
రాసేవాళ్ల మెడకు చుట్టుకునేవి కొన్ని ఉన్నాయి, ముందే తెలుసుకోండి.

లైంగిక నేరాల వార్తల స్క్రీన్‌షాట్లు. ఛానెల్ ముఖం బ్లర్ చేసింది కదా అని మనం అతికించేస్తాం. పేరు, ముఖం మాత్రమే కాదు, ఊరు, బడి, తల్లిదండ్రుల పేరు, ఇల్లు, ఏది చూసి మనిషిని గుర్తుపట్టగలిగినా అది గుర్తింపు బయటపెట్టడమే. పెద్దవాళ్ల విషయంలో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, పిల్లలైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా. "ఛానెల్‌లో వచ్చిందే పెట్టాను" అన్నది రక్షణ కాదు.

పరువు నష్టం బీఎన్‌ఎస్ 356. యాంకర్ల కుటుంబాల గురించి, ఎవరు ఎవరితో ఉన్నారనే కబుర్ల గురించి పేరు రాయకుండా "ఆ ఛానెల్ ప్రైమ్‌టైమ్ యాంకరమ్మ" అన్నా, చదివేవాళ్లకు ఎవరో తెలిసిపోతే పేరు రాసినట్టే. హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం పెట్టినంత మాత్రాన బయటపడరు. ఎవరు ఏ ఛానెల్‌కి మారుతున్నారు, ఏ బులెటిన్ ఎత్తేస్తున్నారు, జీతాలు ఎప్పట్నుంచి ఆగాయి, ఇవి జనానికి పనికొచ్చే సంగతులు. పడగ్గది కబుర్లు ఎందుకండీ మనకు?

క్లిప్పుల విషయానికొస్తే, "పది సెకన్ల లోపు అయితే కాపీరైట్ రాదు" అనేది ఎక్కడా లేని నియమం. విమర్శకు అవసరమైనంతే వాడి, దాని మీద మీ మాట ఉండాలి. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే మీ ఛానెల్ పోతుంది.

గోదారిగట్టు
మరి ఛానెల్ నిజంగానే హద్దు దాటితే? శ్రీదేవి గారు 2018లో దుబాయ్‌లో పోయినప్పుడు బాత్‌టబ్బులు పెట్టి ఎంత చూపించారో మర్చిపోలేం. ఇలాంటివాటి మీద ఫిర్యాదు చేస్తే ఏమైనా ఫలితం ఉంటుందాండీ?

లా_పాయింట్
పద్ధతిగా చేస్తే ఉంటుందండీ. తెలుగులోనే ఉదాహరణ ఉంది. 2011 ఫిబ్రవరి 22న టీవీ9 హైదరాబాద్‌లో స్వలింగ సంపర్కుల గురించి ఒక స్టోరీ వేసి, వ్యక్తుల వివరాలు బయటపెట్టింది. వార్తా ఛానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థను ఆ రోజుల్లో ఎన్‌బీఎస్‌ఏ అనేవాళ్లు, ఇప్పటి ఎన్‌బీడీఎస్‌ఏ. వాళ్లు లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమన్నారు. లక్ష చిన్న మొత్తమే, 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే అంది. కానీ తెర మీద క్షమాపణ అక్షరాలు నడవడం ఏ ఛానెల్‌కీ ఇష్టం ఉండదు.

2021 జూన్‌లో మారిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం మూడు మెట్లున్నాయి. మొదట ఛానెల్‌కే రాయాలి. వాళ్లు 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా ఆ తర్వాత 15 రోజుల్లో ఛానెల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు. వాళ్లకు 60 రోజులు. అక్కడా తేలకపోతే మళ్లీ 15 రోజుల్లో కేంద్రానికి. ఛానెల్ ఏ సంస్థలో ఉందో ముందే చూసుకోవాలి. ఎన్‌బీడీఎస్‌ఏ పరిధిలోకి కొన్ని వస్తాయి, ఎన్‌బీఎఫ్ (వార్తా ఛానెళ్ల మరో సంఘం) సంస్థ పరిధిలోకి కొన్ని, ఎందులోనూ లేనివీ ఉన్నాయి. తప్పు తలుపు తడితే గడువు అక్కడే అయిపోతుంది.

ఫిర్యాదులో ఛానెల్, తేదీ, సమయం, కార్యక్రమం పేరు, ఏ మాట లేదా ఏ దృశ్యం, అది ఏ నియమానికి విరుద్ధం అన్నది రాయాలి. "మీ ఛానెల్ చాలా దారుణం" అని రెండు పేజీలు రాస్తే చెత్తబుట్టలోకే. తెలుగు కార్యక్రమం అయితే ఆ భాగాన్ని మాట పొల్లుపోకుండా తెలుగులో రాసి, కింద ఇంగ్లిషు అనువాదం జతచేయండి. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలుగు రాదు, ఛానెల్ ఇచ్చిన అనువాదమే చదువుకుంటారు లేకపోతే. పేరు లేని ఫిర్యాదులు తీసుకోరు. అదే విషయం కోర్టులో ఉంటే కూడా పక్కన పెట్టేస్తారు.

కృష్ణాతీరం
ఒక సందేహం లా గారూ. ప్రసారమైన నెల తర్వాత ఆ క్లిప్ మన కంటపడితే? ఛానెల్ యూట్యూబ్ నుంచి తీసేసి ఉంటే ఆధారం ఎక్కడ?

లా_పాయింట్
ప్రసారాల రికార్డు 90 రోజులు దాచి ఉంచాల్సిన బాధ్యత ఛానెల్‌కి ఉంది. తీసేసింది యూట్యూబ్ నుంచే కాబట్టి, తేదీ, సమయం కచ్చితంగా ఇస్తే అసలు ఫుటేజీ తెప్పించమని అడగొచ్చు. అయితే ఎన్‌బీడీఎస్‌ఏ దారిలో వెళ్లాలంటే ప్రసారమైన ఏడు రోజుల్లోపే ఛానెల్‌కి ఫిర్యాదు వెళ్లాలి, ఆలస్యమైతే కారణం చెప్పుకోవాలి. అందుకని కంటపడ్డ రోజే చిన్న మెయిల్ అయినా పంపేయండి, వివరాలు జోడిస్తానని అందులోనే రాసి.

ఓబీవ్యాన్
లా గారి మాటకు ఒకటి కలుపుతా. సమయం రాసేటప్పుడు "రాత్రి బులెటిన్‌లో" అని వదిలేయకండి. తెర మీది గడియారం ప్రకారం 9:14 నుంచి 9:17 అని రాయండి. రోజంతా ఒకే స్టోరీ ఎడిట్లు మార్చి మార్చి వేస్తారు. మధ్యాహ్నం వెర్షన్‌లో ఉన్న ముఖం రాత్రికి బ్లర్ అయి ఉంటుంది. మీరు సమయం చెప్పకపోతే ఛానెల్ పంపేది ఆ బ్లర్ చేసిన వెర్షనే.